అందరిదీ – అందరికీ

కంప్యూటరు మీట నొక్కినంతనే మొట్టమొదట మేల్కొనునది ఆపరేటింగు సిస్టము. ఉత్తరము వ్రాయుటకైనను, మార్కులు కూడుటకైనను, బొమ్మ గీయుటకైనను మనము వాడు ప్రతి ప్రోగ్రామును దాని చేతిమీదుగానే నడువవలెను. ఇంటిలో కాపురముండువానికి పునాది కనబడనట్లే దాని ఉనికి సామాన్యముగా ఎవరికీ పట్టదు. అది ఎవరిది, దానిని ఎవరు చేసినారు, అందులో ఒక మార్పు కావలసినచో ఎవరిని అడుగవలెను అను ప్రశ్నలు కూడ అందువలననే తోచవు. ఈ ప్రశ్నలు తోచినవారు కొందరు లోకమున అక్కడక్కడ పుట్టి, ఒకరి మొగము ఒకరు చూడకయే, ఊరివారందరు చేయి కలిపి చెరువుకట్ట వేసికొన్నట్లు, తమ వ్యవస్థను తామే నిర్మించుకొని దానిని అందరి సొత్తు చేసినారు. అందరి సొత్తైన వస్తువు అందరికీ సులువుగా అందునా అన్నది మాత్రము వేరు ప్రశ్న. డెబియన్, ఉబుంటు అను రెండు వ్యవస్థల చరిత్ర చాలవరకు ఈ ప్రశ్న చుట్టును తిరిగినదే.

ప్రోగ్రామునకు రెండు రూపములు కలవు. మనిషి వ్రాసినది, మనిషి చదువగలది ఒకటి. దానిని మూలపాఠము అనవచ్చును. యంత్రమునకు మాత్రమే బోధపడు అంకెల రూపము రెండవది. వ్యాపార సంస్థలు సాధారణముగా ఈ రెండవదానినే అమ్మి మొదటిదానిని దాచుకొనును. మాత్ర ఇచ్చి యోగము చెప్పని వైద్యుని పద్ధతి వంటిది ఇది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధనాలయమున పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పద్ధతికి ఎదురు నిలిచి, మూలపాఠము అందరికీ తెరచియుంచు ఒక సంపూర్ణ వ్యవస్థను 'గ్ను' అను పేర నిర్మింతునని 1983 సెప్టెంబరులో ప్రకటించినాడు. ప్రోగ్రామును ఇచ్చవచ్చినట్లు వాడుకొనుటకు, మూలమును చదివి మార్చుకొనుటకు, ఉన్నదున్నట్లు పంచుటకు, మార్చినదానిని పంచుటకు వాడుకరికి స్వేచ్ఛ ఉండవలెనని అతని పట్టు. దశాబ్దము గడచునప్పటికి ఆ వ్యవస్థకు అంగములన్నియు సమకూడినవి గాని గుండెకాయ వంటి కెర్నెల్ కుదరలేదు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 యేండ్ల లైనస్ టోర్వాల్డ్స్, తన సరదా కొరకు వ్రాసిన లినక్స్ కెర్నెల్ ఆ లోటు తీర్చినది. మరుసటి సంవత్సరము అతడు దానిని గ్ను లైసెన్సు క్రిందకు తెచ్చినాడు.

ఇటుకలు, సున్నము, దూలములు వచ్చి పడినంత మాత్రమున ఇల్లు కాదు. వేల ప్రోగ్రాములను ఏరి, ఒకదాని కొకటి అడ్డు రాకుండ పేర్చి, ఒక్క మూటగా కట్టి ఇచ్చువారు కావలెను. అట్టి మూటలకు 'డిస్ట్రిబ్యూషన్' అని పేరు వచ్చినది. తొలినాటి మూటలు కొన్ని లోపభూయిష్టముగా ఉండుట చూచి విసిగిన పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్, తానే ఒకటి చక్కగా కట్టుదునని 1993 ఆగస్టు 16న లోకమునకు తెలిపినాడు. అప్పటి కతనికి 20 యేండ్లు. తన ప్రియురాలు డెబ్రా పేరును తన పేరును కలిపి దానికి డెబియన్ అని నామకరణము చేసినాడు. (సవర్ణదీర్ఘమునకు గాని గుణసంధికి గాని లొంగని ఈ కలయికను మన వ్యాకరణము ఏమనునో గాని, పేరు మాత్రము నిలిచినది, ఆ దంపతులు తరువాత విడిపోయినారు, మర్డాక్ 2015 డిసెంబరులో కన్నుమూసినాడు.)

మర్డాక్ చేసిన గొప్ప పని ప్రోగ్రాము వ్రాయుట కాదు, పని పంచుట. ఒక్కొక్క ప్రోగ్రామును ఒక పొట్లముగా కట్టి, ఆ పొట్లమునకు ఒక సంరక్షకుని నియమించు పద్ధతి డెబియనులో తొలినుండి వచ్చినది. ఏ పొట్లము ఏ పొట్లముపై ఆధారపడునో దానిమీదనే వ్రాసియుండును. ఒకటి అడిగినచో దానికి కావలసినవన్నియు తామే వెంట వచ్చును. సంరక్షకులు డెబియనుకు ఉద్యోగులు కారు. ఒకరు జర్మనీలో, ఒకరు బ్రెజిలులో, ఒకరు జపానులో ఉందురు. ఇట్టివారు ఒకరి నొకరు నమ్ముట యెట్లు? అందుకొక ఏర్పాటు కలదు. సభ్యత్వము కోరువాడు ఇదివరకే సభ్యుడైనవానిని ఎదురుగా కలిసి, తానెవరో గుర్తింపు పత్రముతో ఋజువు చేసి, తన గూఢలిపి తాళపుచెవిపై అతనిచేత సంతకము పొందవలెను. యంత్రలోకమున ఇంత దూరము పోయినవారు చివరకు మనిషికి మనిషి సాక్ష్యము అను పాత పల్లెటూరి పద్ధతికే వచ్చుట ముచ్చటగా ఉన్నది.

1997 జూలైలో, బ్రూస్ పెరెన్స్ నాయకుడుగా ఉన్న కాలమున, వీరు 'సామాజిక ఒడంబడిక' అను చిన్న పత్రమును ఆమోదించినారు. అందలి అంశములు ఐదే. డెబియన్ ఎప్పటికీ నూటికి నూరుపాళ్లు స్వేచ్ఛగా ఉండునని, తాము చేసినది తిరిగి సమాజమునకు ఇత్తుమని, లోపములు దాచమని మొదటి మూడు చెప్పును. నాలుగవది ముఖ్యమైనది. తమకు వాడుకరులును, స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రధానములని అందులో వ్రాసికొన్నారు. ఇది ద్వంద్వ సమాసము. రెండు పదములకును సమాన ప్రాధాన్యము. రాముడును లక్ష్మణుడును ఒకే త్రోవ పోవునంతకాలము ద్వంద్వమునకు చిక్కు లేదు. వాడుకరి ఒక దారిని, స్వేచ్ఛ ఒక దారిని లాగినప్పుడు ఏ పదము వెంట పోవలెనో సమాసము చెప్పదు. డెబియన్ వారి వాదములలో చాల భాగము ఈ ఒక్క 'ను' చుట్టును జరిగినవే.

1998లో వారు రాజ్యాంగము కూడ వ్రాసికొన్నారు. యేటేటా నాయకుని ఎన్నుకొందురు. ఓటు వేయుటలో అభ్యర్థులను ఇష్టానుక్రమమున పేర్చి, ప్రతివానిని ప్రతివానితో జతగా పోల్చి లెక్కించు ఫ్రెంచి పండితుడు కాండొర్సే పద్ధతిని అనుసరింతురు. నాయకుని నిర్ణయమును సభ్యులు తీర్మానముచేత త్రోసివేయవచ్చును. ఇంతటి ప్రజాస్వామ్యము ఎన్ని దేశములలో కలదో చెప్పుట కష్టము.

అయితే ఈ ప్రజాస్వామ్యపు గడప ఎత్తు చాల హెచ్చు. ఆ రోజులలో డెబియనును కంప్యూటరులోనికి ఎక్కించుట ఒక తపస్సు. తెరమీద బొమ్మలు లేవు. నల్లని పలకపై అక్షరముల వరుసలు మాత్రమే. డిస్కును ఎన్ని ముక్కలు చేయవలెను, తెర ఎంత వేగమున అదరవలెను, నెట్‌వర్కు కార్డు ఏ తెగది అని అది అడుగుచుండును. సమాధానము తెలిసినవానికే ప్రశ్న అర్థమగును. తెలియక ఎవరినైన అడిగినచో 'పుస్తకము చదువుకో' అని కసరినవారును లేకపోలేదు. పంతులు కోపించిన బడికి పిల్లవాడు మరునాడు రాడు. అందరిదీ అని తలుపులు తెరచియుంచిన ఇంటిలోనికి పండితులు తప్ప ఎవరును పోలేకపోయిరి అనుట అతిశయోక్తి కాదు. దానికి తోడు ఆలస్యము. 'వుడీ' అను సంచిక 2002 జూలైలో వెలువడిన తరువాత 'సార్జ్' అను సంచిక 2005 జూను వరకు రాలేదు. (పెరెన్స్ పిక్సార్ సంస్థలో పనిచేసినవాడగుటచే ఆ సంస్థ తీసిన బొమ్మల సినిమాలోని పాత్రల పేర్లు సంచికలకు వచ్చినవి.) సిద్ధమైనప్పుడే విడుదల చేయుదుము అన్నది వారి నియమము. నియమము గొప్పదే గాని, మూడేండ్లలో కంప్యూటర్ల తరమే మారిపోవును.

సులువు కొరకు తపించినవారు ఆ కాలమున లేకపోలేదు. జర్మనీలో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిక్, ప్రోగ్రాములన్నియు ఒకే తీరున కనబడి ఒకే తీరున నడుచు తెర ఒకటి కావలెనని 1996 అక్టోబరులో పిలుపునిచ్చినాడు. ప్రోగ్రాములు వ్రాయువానికి కాక వాడువానికి నచ్చు తెర అతని లక్ష్యము. అదియే కె.డి.ఇ. త్వరలోనే అది చూడముచ్చటగా తయారైనది. కాని దానికి ఆధారమైన 'క్యూటి' అను పరికరముల పెట్టె నార్వేలోని ట్రోల్‌టెక్ సంస్థది; అప్పటి దాని లైసెన్సు సంపూర్ణ స్వేచ్ఛ నిచ్చునది కాదు. గ్ను లైసెన్సుకును దానికిని పొసగదు గనుక తాము దీనిని పంచజాలమని 1998 అక్టోబరులో డెబియన్ తేల్చి చెప్పినది. ఇంత చక్కని వస్తువును లైసెన్సులోని ఒక వాక్యము కొరకు తోసిపుచ్చుట ఛాందసమని చాలమంది నవ్వినారు. అంతకు ముందే, 1997 ఆగస్టులో, మెక్సికో యువకుడు మిగెల్ దె ఇకాజా తన మిత్రునితో కలిసి, సంపూర్ణ స్వేచ్ఛా పరికరములతోనే గ్నోమ్ అను వేరొక తెరను మొదలుపెట్టియున్నాడు. ఈ పోటీ, ఈ పట్టుదల రెండును పనిచేసినవి. 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ వారు క్యూటిని గ్ను లైసెన్సు క్రింద ఇచ్చినారు. ఛాందసులు గెలిచినారు, ఆ గెలుపువలన లోకమునకు ఒకటికి రెండు మంచి తెరలు దక్కినవి.

కాని ప్రతి పట్టుదలకును ఇట్టి ఫలము రాదు. మామూలు మనుష్యుల బల్లపైకి ఈ వ్యవస్థ వచ్చుటకు పండితులు కానివారి కష్టము తెలిసిన పూనిక ఒకటి కావలసియుండెను. అది దక్షిణాఫ్రికానుండి వచ్చినది. మార్క్ షటిల్‌వర్త్ 1995లో థాట్ అను సంస్థను స్థాపించి, 1999లో దానిని వెరిసైన్ అను అమెరికా సంస్థకు సుమారు 57 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మినాడు. 2002 ఏప్రిలులో సొంత ఖర్చుతో అంతరిక్షమునకు పోయి వచ్చినాడు. అంతకు పూర్వము అతడు కూడ డెబియన్ సంరక్షకులలో ఒకడే. 2004లో డెబియన్ నిపుణులను కొందరిని చేరదీసి, జీతమిచ్చి, కెనానికల్ అను సంస్థ నెలకొల్పి, ఆ అక్టోబరు 20న ఉబుంటు మొదటి సంచిక విడుదల చేసినాడు. 'ఉబుంటు' దక్షిణాఫ్రికా భాషలలోని మాట. పదిమందివలననే ఒక్కడు మనిషి యగును అను భావము దానిది.

ఉబుంటు కొత్తగా కనుగొన్నది తక్కువ, సర్దినది ఎక్కువ. డెబియన్ పొట్లములనే తీసికొని, ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రోగ్రామునే ఏరి, అంతయు ఒక్క సి.డి.లో పట్టించినది. ప్రశ్నల సంఖ్య తగ్గించినది. ఆరు నెలలకొక సంచిక తప్పక వచ్చునట్లు పంచాంగము వలె తేదీలు కట్టినది. మూలమునకు టీక వ్రాయు పండితుని పని ఇది. మూలకర్త కీర్తి వేరు, టీకాకారుని ఉపకారము వేరు. టీక లేనిచో ఎన్ని కావ్యములు మన విద్యార్థులకు అందకపోయెడివో తెలుగు పాఠము చెప్పువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అడిగినవారికి అడిగినన్ని సి.డి.లు తపాలా ఖర్చు సైతము తామే భరించి కెనానికల్ వారు దేశదేశములకు పంపినారు. ఇంటర్నెట్టు నత్తనడక నడచు ఆ దినములలో మన దేశమున కళాశాల విద్యార్థులు అనేకులకు లినక్స్ ముఖపరిచయము ఆ గోధుమరంగు కాగితపు సంచులలోనే అయినది. ఆ ఉచిత పంపిణీ 2011 వరకు సాగినది. లోపముల పట్టికలో షటిల్‌వర్త్ తన చేతితో వ్రాసిన మొదటి లోపము, మైక్రోసాఫ్టుదే బజారులో పైచేయిగా ఉండుట. తోటివారితో మర్యాదగా మసలుకొనవలెనను ప్రవర్తన నియమావళిని కూడ ఉబుంటు తొలినుండి పెట్టుకొన్నది. కొత్తవారిని కసరుకొను అలవాటుకు అది మంచి మందే అయినది.

ఇంతవరకు కథ సుఖాంతము వలె కనబడును. కాని జీతమిచ్చువాడు, నిర్ణయమిచ్చువాడు ఒక్కడే అయినప్పుడు పదిమంది మాటకు విలువ ఎంత అను ప్రశ్న త్వరలోనే తలయెత్తినది. 2010లో కిటికీలను మూయు మీటలను కుడినుండి ఎడమకు మార్చినారు. చూడబోయిన చిన్న సంగతే. వాడుకరులు గోల పెట్టినప్పుడు, ఇది ప్రజాస్వామ్యము కాదని, రూపకల్పనను ఓటుకు పెట్టబోమని షటిల్‌వర్త్ సమాధానమిచ్చినాడు. ఆ మాటలో నిజము లేకపోలేదు. వేయిమంది ఓట్లతో ద్వారబంధము చెక్కించినచో అందులో ఎవరును దూరలేరు. కాని పదిమందితో మనిషి అను పేరు పెట్టుకొన్న ఇంటిలో ఆ మాట వినబడుట చాలమందికి గుచ్చుకొన్నది. 2011 ఏప్రిలు సంచికలో గ్నోమ్ వారి తెరను ప్రక్కకు పెట్టి, తాము రూపొందించిన 'యూనిటీ' తెరను అందరికీ పెట్టినారు. యూనిటీ అనగా ఐకమత్యము. పేరు అది, ఫలితము చీలిక.

2012 అక్టోబరులో జరిగినది మరింత ఘాటైనది. వాడుకరి తన కంప్యూటరులో తన ఫైలు కొరకు వెదకినప్పుడు, ఆ వెదకిన మాట కెనానికల్ సర్వరునకు పోయి, అక్కడినుండి అమెజాన్ దుకాణపు సరకుల జాబితా తెరపై కనబడునట్లు చేసినారు. సంస్థకు రాబడి కావలెను. అది తప్పు కాదు. కాని అడుగకుండ ఇంటి మాట అంగడికి మోయుట తప్పు. వాడుకరి ఏకాంతమునకు ఇది భంగమని స్టాల్‌మన్ బహిరంగముగా ఖండించినాడు. వలదనుకొన్నవారు ఆపివేయు మీట ఉన్నదని సంస్థ చెప్పినది. మీట ఎక్కడున్నదో తెలియనివారి కొరకే గదా ఈ సులువైన వ్యవస్థను చేసినది! 2016 ఏప్రిలు సంచికనుండి వాడుకరి కోరిననే తప్ప ఆ వెదకులాట బయటికి పోకుండ మార్చినారు.

ఇక్కడ మూలము తెరచియుండుటలోని మహిమ కనబడును. నచ్చని నిర్ణయము వచ్చినప్పుడు మూతపెట్టిన వ్యవస్థలో వాడుకరి సణుగుకొని ఊరకుండవలెను. ఇచ్చట మూలము తీసికొని వేరు కాపురము పెట్టవచ్చును. ఫ్రెంచివాడైన క్లెమాన్ లఫెబ్వ్ర్ 2006లో మొదలిడిన లినక్స్ మింట్ ఉబుంటు నుండియే పుట్టినది. యూనిటీ రుచింపనివారు వేలుగా అటు మరలినారు. గ్నోమ్ సైతము 2011లో తన రూపము పూర్తిగా మార్చుకొన్నప్పుడు పాత రూపమును వదలలేనివారు దానిని 'మాటే' అను పేరుతో నిలుపుకొన్నారు. మింట్ వారు 'సినమన్' అను తెర కట్టుకొన్నారు. వేరు కాపురములవలన శక్తి చెదరునన్నది నిజమే. పది చిన్న బృందములు ఒకే పనిని పది మార్లు చేయుచుండును. అయినను పోగల త్రోవ ఉన్నదన్న ఎరుక యజమానిని అదుపులో ఉంచును. 2017 ఏప్రిలులో షటిల్‌వర్త్ యూనిటీని, దానితో తలపెట్టిన ఫోను ప్రయత్నమును విరమించినట్లు ప్రకటించినాడు. ఆ అక్టోబరు సంచికతో ఉబుంటు తిరిగి గ్నోమ్ గూటికే చేరినది. సంస్థ వదలిన ఫోను వ్యవస్థను 'యూబీపోర్ట్స్' అను ఔత్సాహికుల బృందము చేరదీసి నడుపుచున్నది. ఇక ఆ మొదటి లోపమో, 2013 మే నెలలోనే కొట్టివేయబడినది. ఫోనులు వచ్చి కంప్యూటరు అను మాటకే అర్థము మార్చుటచే మైక్రోసాఫ్టు పైచేయి పోయినది గాని, అది ఉబుంటు ఒక్కదానివలన కాదు.

వాదము అంతటితో ఆగలేదు. కెనానికల్ వారి 'స్నాప్' అను పొట్లముల పద్ధతి వాడువానికి సుఖమే. కాని ఆ పొట్లములు వచ్చు దుకాణపు సర్వరు మూలపాఠము మూతపెట్టియున్నది. అందుచేత 2020లో మింట్ వారు తమ 20వ సంచికలో స్నాప్ దానంతట అది ఎక్కకుండ అడ్డుకట్ట వేసినారు. ఉబుంటు వారి లాంచ్‌ప్యాడ్ అను పనిశాల కూడ ఇట్లే మూతపడియుండి, విమర్శల తరువాత 2009లో తెరువబడినదని గుర్తుంచుకొన్నచో ఈ కథ ఇంకను ముగియలేదని తోచును.

ఉబుంటు వైపున సులువు హెచ్చి సంఘము నొచ్చుకొన్నది. డెబియన్ వైపున సంఘము బలిసి సులువు నొచ్చుకొన్నది. సంఘము కూడ అన్నివేళల సుఖముగా లేదు. కంప్యూటరు లేచునప్పుడు సేవలను మేల్కొలుపు 'సిస్టమ్‌డి' అను ప్రోగ్రామును గూర్చి 2014లో జరిగిన కలహము అనేకుల మనస్సులను విరిచినది. కొందరు పదవులు వదలినారు, కొందరు 'దెవువాన్' అను వేరు కుంపటి పెట్టుకొన్నారు. అది నిపుణుల కలహము. సామాన్యునికి తగిలినది మాత్రము మరొకటి.

నేటి కంప్యూటర్లలో వైఫై, తెర, ధ్వని మొదలగు అంగములు తమలోనికి ఒక చిన్న ప్రోగ్రామును ఎక్కించిన గాని పలుకవు. దానిని ఫర్మ్‌వేరు అందురు. చాలమంది తయారీదారులు దాని మూలపాఠము ఇయ్యరు. డెబియన్ ఒడంబడిక ప్రకారము మూలము లేనిది వ్యవస్థలో భాగము కాదు. కాబట్టి 2023 వరకు అధికారిక డెబియన్ ప్రతిలో ఇట్టి ఫర్మ్‌వేరు ఉండెడిది కాదు. ఫలితము విచిత్రము. కొత్త ల్యాప్‌టాపులో డెబియన్ ఎక్కింపబోయిన విద్యార్థికి వైఫై పనిచేయదు; పనిచేయించు ఫర్మ్‌వేరు ఇంటర్నెట్టులో ఉన్నది; ఇంటర్నెట్టునకు వైఫై కావలెను. తాళపుచెవి లోపల పెట్టి తలుపు వేసికొన్న చందము. ఫర్మ్‌వేరు కలిపిన అనధికారిక ప్రతి వేరుగా ఉండెను గాని అది ఎక్కడో మూల నుండుటచే కొత్తవాడు కనుగొనలేడు. చూపు లేనివారి బాధ ఇంకను ఎక్కువ. తెరమీది మాటలను చదివి వినిపించు సౌకర్యము ధ్వని యంత్రము పలికిననే పనిచేయును. ఆ యంత్రమునకే ఫర్మ్‌వేరు లేనిచో వారు మొదటి మెట్టుకూడ ఎక్కలేరు.

సి.డి. ప్రతులను తయారుచేయు బాధ్యత గల స్టీవ్ మెకింటైర్ 2022లో ఈ సంగతిని సభ్యుల ముందు పెట్టినాడు. వాడుకరులకు అక్కరకు రాని ప్రతిని తాము ఎలుగెత్తి చాటుచు, అక్కరకు వచ్చు ప్రతిని దాచుచున్నామని అతని వాదము. ఒక్కసారి సడలించినచో తయారీదారులు మూలము ఇచ్చుటకు ఇక కారణమే ఉండదని ఎదుటివారి వాదము. క్యూటి సంగతిలో పట్టుదలయే గెలిచినది గదా! ఈ ఎదురుమాటను తేలికగా త్రోయరాదు. అయినను రెంటికిని భేదమున్నది. క్యూటి లేనిచో గ్నోమ్ వంటి వేరు దారి ఉండెను. మనిషి అంతకు ముందే కొన్న యంత్రములోని వైఫైకి వేరు దారి లేదు. ఆ సెప్టెంబరులో ఓటు జరిగినది. కాండొర్సే లెక్కలో గెలిచిన తీర్మానము ఒడంబడిక ఐదవ అంశమునకు ఒక వాక్యము చేర్చినది: యంత్రమునకు అవసరమైనచో, డెబియనులో భాగము కాని ఫర్మ్‌వేరును సైతము అధికారిక ప్రతులలో ఉంచవచ్చును. 2023 జూను 10న వెలువడిన 12వ సంచిక 'బుక్‌వర్మ్' ఆ విధముగానే వచ్చినది. మూలము లేనివానిని ప్రత్యేకమైన ఒక అరలో పెట్టినారు, ఏది స్వేచ్ఛగలది, ఏది కాదు అన్నది వాడుకరికి తెలియజేయుదురు, వలదన్నవారు మానుకొనవచ్చును. ఒడంబడికను దొంగచాటుగా మీరక, బహిరంగముగా చర్చించి, ఓటువేసి, పాఠమునే సవరించిన తీరు మెచ్చదగినది. అమెజాన్ ఉదంతముతో పోల్చిన తేడా తెలియును. అచ్చట కూడ వాడుకరి పేరనే మార్పు జరిగినది. అతనిని ఎవరును అడుగలేదు.

మన పొరుగున కేరళ పాఠశాలలలో ఈ రెండు గుణములు కొంత చక్కగా కలిసినవి. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకము, 2017లో 'కైట్' అను సంస్థగా మారినది, బడులలో స్వేచ్ఛా వ్యవస్థనే నెలకొల్పినది. ఉబుంటుపై కట్టి, మలయాళమునకు, పాఠ్యాంశములకు అనువుగా తీర్చిన సంచికను బడులకు అందించుచున్నారు. ఉపాధ్యాయులే శిక్షణ పొంది తోటి ఉపాధ్యాయులకు నేర్పుదురు. లైసెన్సు సొమ్ము మిగులుట ఒక లాభము. తమకు కావలసిన పాఠము తామే అందులో చేర్చుకొనగలుగుట అంతకు మించిన లాభము. డెబియన్ వారి వార్షిక సభ మన దేశమున మొదటిసారి 2023 సెప్టెంబరులో జరిగినదియు కేరళలోని కొచ్చిలోనే.

తెలుగువారి పని లేకపోలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన 'పోతన', 'వేమన' అక్షరములు స్వేచ్ఛగా అందరికీ అందినవి. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' బృందము డెబియనుపై తెలుగు వ్యవస్థను కట్టినది. సి-డాక్ వారి 'బాస్' వ్యవస్థయు డెబియన్ సంతతియే. అందులోను తెలుగు కలదు. తెరమీది మాటలకు తెలుగు చేయుటలో మాత్రము పాత తగవు మరల వచ్చినది. 'సేవ్' అనవలెనా, 'భద్రపరచు' అనవలెనా, 'దాచు' అనవలెనా? సంస్కృత పదములు గుప్పించిన తెర చూచి తెలుగు చదివినవాడే జడిసి ఇంగ్లీషునకు మరలుట కలదు. గిడుగు రామమూర్తి పంతులు బడిపిల్లల వైపున నిలిచి వాదించిన వాదము కంప్యూటరులోను ఇంకను అవసరమైయున్నదన్నమాట.

తెలుగునకు సంబంధించి ఈ సులువు సంగతిలో ఒక విశేషమున్నది. పాత అక్షరముల పలకలో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క గడి. అన్ని గడులును ఒకే కొలత. ఇంగ్లీషునకు అది చాలును. 'స్త్రీ' అని వ్రాయవలెనన్న సకారము క్రింద తకారపు వత్తు, దాని చెంత రకారపు వత్తు, మీద గుడిదీర్ఘము కుదురవలెను. అవి గడిలో ఇమడవు. బొమ్మల తెర ఉన్నగాని తెలుగు కనబడదు. బొమ్మల తెర సోమరుల కోరిక అని ఈసడించిన తొలినాటి పండితులకు ఈ సంగతి తట్టియుండదు. 2007 ఏప్రిలులో వెలువడిన 4వ సంచికతో డెబియన్ స్థాపక ప్రోగ్రామునకు బొమ్మల తెర వచ్చినది. 2011 ఫిబ్రవరిలో వెలువడిన 6వ సంచికలో, కన్నడము, లావో, సింహళములతో పాటు, ఆ ప్రోగ్రాములో తెలుగు చేరినది. నేటికిని అక్షరముల పలక త్రోవన పోయినచో భాషల పట్టికలో తెలుగు ఉండదు. బొమ్మల త్రోవన పోయిన వారికి 'తెలుగు' అని తెలుగు లిపిలోనే కనబడును. దాని ప్రక్కన ఇంగ్లీషులో దాని పేరు వ్రాసియుండును.